పాటకు వ్రాత వచ్చిన కథ

(మన బృందగాయకుల కొరకు నాలుగు మాటలు)

గత ఉగాదినాటి సభ చాలమందికి జ్ఞాపకముండియే యుండును. పంచాంగ శ్రవణమునకు ముందు పెద్దలు, పిల్లలు కలిసి పదునెనిమిదిమంది వేదికపై నిలబడి ‘మా తెలుగు తల్లికి’ పాట నెత్తుకొన్నారు. పల్లవి బాగుగనే సాగినది. చరణమునకు వచ్చుసరికి మగవారొక చోట, ఆడవారొక చోట తేలినారు. ఒకరు దీర్ఘము తీసినచోట మరియొకరు విరిచినారు. హార్మోనియము వాయించుచున్న మిత్రుడు ఎవరిని వెంబడింపవలెనో తెలియక చేతులు తీసివేసినాడు. ఉగాది పచ్చడిలో చేదు కూడ ఉండవలెను గదా యని నవ్వుకొని ఊరకున్నాము.

తరువాత తీరికగా కూర్చుండి, పొరపాటు ఎక్కడ జరిగినదని విచారించితిమి. తేలినదేమనగా, పొరపాటు ఎవరిదియు గాదు. ఒకరు ఆ పాటను తల్లివద్ద నేర్చిరి. ఒకరు బడిలో నేర్చిరి. ఇంకొకరు పాత రికార్డు విని నేర్చిరి. ఎవరి పాట వారికి ఒప్పే. ఇందులో మనమందరము పాడవలసినది ఏది యని చూచుకొనుటకు మాత్రము కాగితము లేదు. మాటలు వ్రాసికొన్న కాగితములు పదునెనిమిది యున్నవి. అప్పుడు మా బృందములో అందరికంటె చిన్నది, పదేండ్ల పిల్ల, నన్నడిగినది: “తాతా, మాటలు రాసుకోనుండాము గదా, రాగమెందుకు రాసుకోలేదు?”

ఆ ప్రశ్నకు ఆ పూట నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఈ వ్యాసమే ఆ సమాధానము. పాటను వ్రాసి పెట్టుట యనునది మనుష్యులు ఎంతో కాలము కష్టపడి సాధించిన విద్య. ఆ విద్య చరిత్రలో తెలుగు లిపికి గొప్ప స్థానము కలదు. అంతకంటె విశేషమేమనగా, ఆ స్థానము తెలుగు దేశములో గాక, మనము నివసించుచున్న ఈ తమిళనాటనే లభించినది.

రాగము పేరున్నది, పాట లేదు

వ్రాయకపోయిన నష్టమేమి యని కొందరడుగుదురు. దీనికి తాళ్లపాకవారి రేకులే సాక్ష్యము. అన్నమాచార్యులవారు (1408–1503) వేంకటేశ్వరునిపై 32 వేల సంకీర్తనలు చెప్పిరని ప్రసిద్ధి. వాటిని ఆయన కుటుంబమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని భాండారమున భద్రపరచిరి. రాగి చెడునది గాదు. నాలుగు వందల యేండ్లకు పైగా నిలిచినది. నేడు 12 వేలకు పైగా కీర్తనల మాటలు మనకు దక్కినవి. ఇంతటి దూరదృష్టి మరియొక కవి కుటుంబమున కలదో లేదో!

అయినను, ఆ రేకులపై ప్రతి కీర్తనకు తలయందు రాగము పేరు మాత్రమే కలదు. ఆ రాగములో ఆ పాట ఎట్లు ఎత్తుకొనవలెను, ఎక్కడ ఆగవలెను, ఏ మాటపై స్వరము పైకెక్కవలెను అన్నది లేదు. అది గాయకుని గొంతులో నుండెను, గొంతుతోనే పోయినది. నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటల వరుసలలో మిక్కిలి భాగము 20వ శతాబ్దిలో కట్టినవి. ఆ పనికి తొలుత పూనుకొన్న పెద్దలలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) ముఖ్యులు. మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు చెప్పి, పిమ్మట తిరుపతి చేరి, వారు ఆ కీర్తనలను పరిష్కరించుటయే గాక, కొన్నింటికి వరుసలు కట్టి స్వరములతో సహా అచ్చు వేయించిరి. పరదేశమున తెలుగు చెప్పిన పండితుడే తెలుగువారి పాటకు తిరిగి ప్రాణము పోసెననుట మనవంటివారు తలచుకొనదగిన విషయము.

త్యాగరాజస్వామి (1767–1847) కీర్తనల సంగతి వేరు. అవి శిష్యపరంపర గొంతుల మీదుగా మనదాక వచ్చినవి. కాని వాలాజాపేటవారు ఒక తీరున, ఉమయాళ్పురమువారు ఒక తీరున, తిల్లైస్థానమువారు ఇంకొక తీరున పాడుదురు. దీనినే విద్వాంసులు పాఠాంతరమందురు. మన వేదికపై జరిగినదియు ఒక చిన్న పాఠాంతరమే! అందులో వాలాజాపేట వేంకటరమణ భాగవతులవారు, వారి వంశీయులు అనేక కీర్తనలను వ్రాతలో పెట్టిరి. సౌరాష్ట్రులైన వారు వ్రాసినది తెలుగు లిపిలో. ఆ వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరినవి.

మన పూర్వుల వ్రాతలు

పూర్వులకు స్వరము వ్రాయు ఆలోచనయే లేదనుకొనరాదు. సామగాన గ్రంథములలో అక్షరములపై అంకెలు వేసి స్వరము నెక్కుడు దిగుడుల సూచించు ఆచారము కలదు. ఇక రాతిమీది వ్రాతకు సాక్ష్యము ఇక్కడికి సమీపముననే యున్నది. పుదుక్కోట్టైకి సుమారు 20 కిలోమీటర్ల దూరమున కుడుమియాన్‌మలై అను గ్రామము కలదు. అచ్చటి కొండరాతిపై క్రీ. శ. 7వ శతాబ్దికి చెందినదని చెప్పబడు సంగీత శాసనము పల్లవ గ్రంథ లిపిలో చెక్కబడినది. ఏడు భాగములు, వరుసలు వరుసలుగా స్వరాక్షరములు. విచిత్రమేమనగా అందు ‘స’ ఒక్కటే గాక స, సి, సు, సె యని ప్రతి స్వరమునకు నాలుగు రూపములు కానవచ్చును. ఆ గుణింతముల అర్థమేమన్నది నేటికిని పండితులు వాదించుకొను విషయమే. వ్రాత మిగిలి, చదువు మరుగుపడిన యుదాహరణమిది. అన్నమయ్యగారి రేకులలో పాట పోయి పేరు మిగిలినది. ఇచ్చట స్వరము మిగిలి పాడు విధము పోయినది. వ్రాయుట ఒక్కటే చాలదు, చదువగలవారిని కూడ తయారు చేయవలెనని ఈ రాయి చెప్పుచున్నది.

13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానమున, అనగా నేటి మహారాష్ట్రలో, శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరము’ రచించి అందు స్వరసహితముగా పాటల నుదాహరించెను. దానికి ‘సంగీతసుధాకర’ మను వ్యాఖ్యను మన తెలంగాణమున రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుని పేర చెప్పుదురు. 1609లో సోమనాథుడు తన ‘రాగవిబోధము’ న వీణపై వ్రేళ్లు చేయు పనులకు ప్రత్యేకముగా గుర్తులు కల్పించెను. కాని యివన్నియు పండితుల గ్రంథములు. పాడుకొను సామాన్యుని చేతికి రాలేదు. మన విద్య గురుముఖమునే నమ్ముకొన్నది. గురువుండగా పుస్తకమెందుకన్నది ఆనాటి భావము. అందులో సత్యము లేకపోలేదు; కాని గురువు దూరమైన నాడు ఏమి చేయవలెను? వలస వచ్చిన వానికి ఆ ప్రశ్న బాగుగ తెలియును.

గైడో గీసిన గీతలు

ఇదే ప్రశ్న ఐరోపాలో ఒక సన్యాసిని వేధించినది. అచ్చటి క్రైస్తవ మఠములలో ప్రార్థనగీతములను బృందములుగా పాడు ఆచారము. వ్రాత లేనందున పిల్లవాండ్రు గీతములన్నియు నోటికి నేర్చుటకే ఏండ్లు పట్టెడిది. 9వ శతాబ్ది నాటికి మాటలపైన చిన్న చిన్న కొక్కెములవంటి గుర్తులు వేయసాగిరి. స్వరము పైకి పోవునో క్రిందికి దిగునో అవి చెప్పును గాని, ఎంత పైకి పోవునో చెప్పవు. పాట ముందే వచ్చినవానికి అవి జ్ఞాపకము చేయును; రానివానికి నిరుపయోగము.

11వ శతాబ్దిలో ఇటలీ దేశమున అరెజ్జో పట్టణములో నున్న గైడో అను మఠవాసి దీనికి మార్గము కనిపెట్టెను. అతడు అడ్డముగా గీతలు గీసి, ప్రతి గీతకు, గీతల నడుమ సందుకు ఒక్కొక్క స్వరమును నిర్ణయించినాడు. ఒక గీత ఎఱ్ఱసిరాతో, మరియొకటి పసుపుసిరాతో. ఇక కన్ను చూచినదే గొంతు పలుకును. అంతేగాక, సెయింట్ జాన్‌ను గూర్చిన ఒక లాటిన్ స్తోత్రములో ప్రతి పాదము వెనుకటి దానికంటె ఒక మెట్టు పైనుండి ఎత్తుకొనుట గమనించి, ఆ పాదముల మొదటి అక్షరములను స్వరములకు పేర్లుగా పెట్టినాడు: ఉత్, రే, మి, ఫా, సోల్, లా. ఏడవది ‘సి’ తరువాత వచ్చి చేరినది. ‘ఉత్’ దీర్ఘము తీయుటకు నోటికి అనువు గాదని 17వ శతాబ్దిలో ‘దో’ యనిరి. తన పద్ధతిలో ఒకటి రెండు సంవత్సరములలోనే గాయకుని తయారు చేయవచ్చునని గైడో తన మిత్రునికి వ్రాసిన లేఖలో చెప్పుకొన్నాడు. తోటి మఠవాసులకు అది గిట్టలేదు. కాని అప్పటి పోపు అతనిని రోముకు పిలిపించి విని మెచ్చినాడు.

దో రే మి అనునది మన సరిగమ నుండి పోయినదనియు, అటునుండి ఇటు వచ్చినదనియు వాదించువారు కలరు. ఆ పేర్ల పుట్టుక పైన చెప్పిన స్తోత్రమే గనుక ఆ వాదము వలన ప్రయోజనము లేదు. తేడాయే చూడదగినది. వారి వ్రాత బొమ్మ. ఎత్తు పల్లములు కంటికి కనబడును. మన వ్రాత అక్షరము; ‘గ’ అనగా గాంధారమని తెలిసి యుండవలెను. ఐదు గీతలపై నలుగురి గొంతుకలు ఏకకాలమున ఏమి పాడవలెనో ఒకదాని క్రింద ఒకటి చూపవచ్చును. అందువలన అచ్చట బృందగానము ఎంతో పెరిగినది. మన సంగీతము ఒక గొంతుక లోతులను వెదకినది. స్వరమునకు స్వరమునకు నడుమ నుండు ఊపులో, జారులో దాని ప్రాణమున్నది. ఆ ఊపును వ్రాయుటెట్లు? ఆ పనికి పూనుకొన్నవాడు ఎట్టయపురమున పుట్టుకొని వచ్చినాడు.

ఎట్టయపురములో తెలుగు అచ్చు

తిరునెల్వేలి సీమలోని ఎట్టయపురము చిన్న సంస్థానము. ఏలిన నాయకులు తెలుగు మాటలాడు కుటుంబమువారు. మనకంటె ఎన్నో తరములు ముందు వలస వచ్చినవారు. ముత్తుస్వామి దీక్షితులవారు (1775–1835) తుదిశ్వాస విడిచినది అచ్చటనే. వారి తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఆ సంస్థాన విద్వాంసుడు. బాలస్వామికి దౌహిత్రుడై దత్తపుత్రుడైనవాడు సుబ్బరామ దీక్షితులు (1839–1906). దీక్షితుల ఇంటి సంగీతమంతయు ఆయన గొంతులో నుండెను.

ఇదే కాలమున చెన్నపట్నములో ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు అను ఎం. ఏ. పట్టభద్రుడు, క్రైస్తవుడు, ప్రభుత్వోద్యోగి, మన కీర్తనలను ఐరోపావారి ఐదు గీతలపై వ్రాసి లోకమునకు చూపవలెనని సంకల్పించినాడు. 1892–93 ప్రాంతమున ఆ సంపుటములు వెలువడసాగినవి. సొంత ధనము వెచ్చించి, ఆరోగ్యమును లెక్కచేయక ఆయన ఈ పని చేసినాడు. సుబ్బరామ దీక్షితులవద్ద దీక్షితుల కృతులను సంపాదించి వ్రాసికొనసాగినాడు. ఇంతలో ఆయన కంటిచూపు దెబ్బతిన్నది. ఇక తనవల్ల కాదని గ్రహించి, దీక్షితులనే ఆ పనికి పూనుకొనునట్లు చేయుడని ఎట్టయపురము రాజావారిని ప్రార్థించినాడు. గమకములతో కూడిన మన పాటను కాగితముమీద పెట్టవచ్చునా యని దీక్షితులు మొదట సంకోచించిరని చెప్పుదురు. పెద్ద కుటుంబపు విద్య బజారున పెట్టుట కూడ ఆ కాలమున చిన్న విషయము గాదు. ఒక క్రైస్తవుని పట్టుదల, ఒక రాజు ఆజ్ఞ, ఒక విద్వాంసుని ఔదార్యము కలిసి ఆ సంకోచమును జయించినవి.

1904లో ఎట్టయపురములోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయినది. సుమారు 1,700 పుటలు. అంతయు తెలుగు లిపి. అందులో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229, ఇతర వాగ్గేయకారుల రచనలు, వారి చరిత్రములు, రాగలక్షణములు కలవు. సంస్కృత కృతియైనను తెలుగు అక్షరములలోనే వ్రాసిరి. ఏమనగా ఆ కాలమున దక్షిణదేశ గాయకునికి, ఇంట ఏ భాష మాటలాడినను, సంగీతపు లిపి తెలుగు. మద్రాసు సంగీత అకాడమీ దానిని తమిళలిపిలో ప్రకటింపసాగినది 1961 నుండి మాత్రమే.

ఆ పుస్తకములో మిక్కిలి గొప్ప పని గమకములకు గుర్తులు. కంపితము, స్ఫురితము, ప్రత్యాహతము, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు ఇత్యాదులకు ఒక్కొక్క చిహ్నము కల్పించి స్వరముల నెత్తిపై పెట్టించినాడు. ఒక్కొక్క గుర్తునకు అచ్చు పోతపోయవలెను. చిన్న సంస్థానములోని చిన్న ముద్రణాలయము, విద్యుద్దీపములు లేని కాలము! గైడో ఎత్తును వ్రాసినాడు. దీక్షితులు ఊపును వ్రాసినాడు. పుస్తకము వెలువడిన రెండేండ్లకు ఆయన గతించినాడు. పని ముందుగనే పూర్తియైనది గనుక విద్య ఆయనతో పోలేదు.

1904లోనే బొంబాయినుండి ఒక న్యాయవాది దక్షిణయాత్ర చేయుచు ఎట్టయపురము వచ్చి సుబ్బరామ దీక్షితులను దర్శించినాడు. ఆయనయే విష్ణు నారాయణ భాత్ఖండే (1860–1936). తరువాత హిందుస్థానీ సంగీతమునకు స్వరలిపి నేర్పరచి, ఘరానాల గుప్పిట నున్న పాటలను సంపుటములుగా ప్రకటించినాడు. బొంబాయి తెలుగు సోదరుల పిల్లలు అక్కడి పాఠశాలలలో నేర్చునది పలుచోట్ల ఆయన లిపియే.

ఎట్టయపురము పుస్తకమునకు ముందును తెలుగు అచ్చులో సంగీతము లేకపోలేదు. 1859లో వీణ రామానుజయ్యగారి ‘సంగీత సర్వార్థసార సంగ్రహము’ వచ్చినది. చెన్నపట్నములోని తచ్చూరు సింగరాచార్యుల సోదరులు ‘గాయకపారిజాతము’, ‘గాయకలోచనము’, ‘గాయకసిద్ధాంజనము’ మొదలగు పుస్తకములను వరుసగా వెలువరించిరి. నేటి విద్యార్థులు చదువు సరళీవరుసల పుస్తకములన్నియు వారికి ఋణపడి యున్నవి.

మనకు బృందగానము వచ్చిన దారి

బృందముగా పాడుట మనకు క్రొత్తగాదు. భజన, కోలాటము, ఊడ్పుల పాట, ఇవన్నియు గుంపు పాటలే. కాని వాటిలో ఒకరు చెప్పగా తక్కినవారు అందుకొందురు. అందరును ఒకే కాగితము చూచి ఒక్కసారిగా పాడుట అన్నది తరువాత వచ్చిన యలవాటు.

ఇందులోను దీక్షితులవారే ముందున్నారు. చెన్నపట్నము కోటలో కుంపిణీ బ్యాండు వాయించు మెట్లను విని, వాటికి వారు సంస్కృత సాహిత్యము వ్రాసిరి. ‘నోటు’ అను ఇంగ్లీషు మాటతో వాటికి నొట్టుస్వరములని పేరు వచ్చినది. గమకము లేదు, తూకము తప్పని నడక, శంకరాభరణపు స్వరములు. పదిమంది పిల్లలు మొదటిసారి కలిసి పాడుటకు ఇంతకంటె తగినవి దొరకవు. వీటిని కూడ మొదట అచ్చువేసినది చిన్నస్వామి మొదలియారే.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నినాళ్లు నిలిచినాడు. అచ్చట తన ‘జనగణమన’ గీతమును పాడి వినిపించినాడు. కళాశాలాధిపతి భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండు దేశపు విద్యావతి, సంగీతములో పట్టభద్రురాలు. ఆమె ఆ పాటను స్వరములతో వ్రాసిపెట్టినది. విద్యార్థులు బృందముగా పాడిరి. ఠాకూరు అచ్చటనే దానికి ఇంగ్లీషు అనువాదము వ్రాసినాడు. 1911లో కలకత్తా కాంగ్రెసులో తొలుత వినిపించిన పాట, రాయలసీమ పట్టణములో కాగితముపై స్వరరూపము దాల్చుట మనకు సంతోషకరమైన విషయము.

ఇక చిత్తూరులో 1925లో జన్మించిన ఎం. బి. శ్రీనివాసన్‌గారు 1971లో మద్రాసు యువ బృందగానమును స్థాపించి, అనేక భారతీయ భాషల పాటలను రెండు మూడు గొంతుకల పొందికతో పాడించిరి. రాగము చెడకుండ గొంతుకలను ఎట్లు కలుపవచ్చునో 1988లో మరణించువరకు వారు చేసి చూపిరి.

మనము పాడు ‘మా తెలుగు తల్లికి’ శంకరంబాడి సుందరాచారిగారి రచన. ‘దీనబంధు’ (1942) చిత్రము కొరకు వ్రాసినదనియు, టంగుటూరి సూర్యకుమారిగారి రికార్డు వలన ఊరూర వ్యాపించినదనియు అందరెరుగుదురు. 1975లో అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనది. తెలంగాణ రాష్ట్రమునకు 2024లో అందెశ్రీగారి గీతము రాష్ట్రగీతమైనది. రెండును మన వేదికకు కావలసినవే. రెండింటిని స్వరములతో వ్రాసికొనుట మన పని.

బృందగాయకులు తెలిసికొనవలసినవి

ఇక మా చిన్నపిల్లవంటివారి కొరకు కొన్ని మాటలు.

శ్రుతి: పాటకు నేల. ‘స’ ఎక్కడ నిలుపుకొందుమో అది ఆధారషడ్జము. హార్మోనియము మెట్లలో లెక్కించి ఒకటి, ఒకటిన్నర, రెండు అని చెప్పుదురు. సాధారణముగా మగవారికి ఒకటి, ఆడవారికి ఐదు అనుకూలము. మన తగవు ఇక్కడనే వచ్చినది. కలిసి పాడునపుడు రెండున్నర, మూడు ప్రాంతమున పెట్టుకొని, ఆడవారు ఒక స్థాయి పైన పాడిన ఇద్దరికిని అందును. ముందు పాటలోని అన్నిటికంటె పై స్వరము, అన్నిటికంటె క్రింది స్వరము చూచి, తరువాత శ్రుతి నిర్ణయించుకొనవలెను.

స్థాయి: మంద్రము, మధ్యము, తారము అని మూడు. అక్షరము క్రింద చుక్క యున్న మంద్రము, పైన చుక్క యున్న తారము, చుక్క లేకున్న మధ్యము.

కాలము: ‘స’ అనగా ఒక అక్షరకాలము, ‘సా’ అనగా రెండు. స్వరము ప్రక్కన కామా పెట్టిన మరియొక అక్షరము, సెమికోలను పెట్టిన రెండక్షరములు పొడిగింపవలెను. స్వరములపై అడ్డగీత యున్న రెట్టింపు వేగము. నిలువు గీత తాళములోని భాగమునకు, జంట నిలువు గీతలు ఆవర్తము పూర్తియగుటకు గుర్తు. ఆదితాళమైన నాలుగు, రెండు, రెండు, మొత్తము ఎనిమిది దెబ్బలు.

ఎడుపు: తాళములో పాట ఎత్తుకొను చోటు. అన్ని పాటలును మొదటి దెబ్బమీదనే మొదలుకావు. బృందములో నూటికి డెబ్బదిపాళ్లు గందరగోళము దీనివల్లనే యని నా యనుభవము. ఎత్తుకొనుటకు ముందు ఒక ఆవర్తము చేతితో తాళము వేసిన ఆ చిక్కు తీరును.

ఏకగానము, పొందిక: అందరును ఒకే స్వరము పాడిన ఏకగానము. గొంతుకల వారీగా వేర్వేరు స్వరములు ఒకేసారి పాడిన పొందిక. దీనినే ఇంగ్లీషువారు హార్మొనీ యందురు. పై గొంతు స్త్రీలు సొప్రానో, క్రింది గొంతు స్త్రీలు ఆల్టో, పై గొంతు పురుషులు టెనర్, క్రింది గొంతు పురుషులు బేస్. స, గ, ప కలిపి పలికిన చెవికి హాయిగా నుండును. శంకరాభరణమువంటి వరుసలలో ఇది ఒప్పును. తోడివంటి రాగములో స్వరము నిలకడగా నుండక ఊగును గనుక పొందికకు లొంగదు. ముందు ఏకగానము చక్కగా కుదిరిన తరువాతనే పొందిక జోలికి పోవలెను.

ఊపిరి: మాట నడుమ ఊపిరి పీల్చరాదు. మాటలు వ్రాసిన కాగితముపై ఊపిరి పీల్చు చోట చిన్న టిక్కు పెట్టుకొనవలెను. అందరి టిక్కులును ఒకే చోట నుండవలెను.

ఉచ్చారణ: తెలుగు అజంత భాష. మాట చివరనుండు అచ్చుపైననే స్వరము నిలుచును. కాని హ్రస్వమును సాగదీసి దీర్ఘము చేసిన అర్థము మారును; ‘పలు’ ‘పాలు’ అగును. మన పిల్లలకు ఇంకొక చిక్కు కలదు. వారిలో అనేకులు తెలుగు పాటను తమిళ అక్షరములలో వ్రాసికొందురు. అందు క, గ లకు ఒకటే అక్షరము. త, ద లకు ఒకటే. ఇంట విన్న మాటైన సరిగా పలుకుదురు. వినని మాటైన తడుముకొందురు.

ఇక్కడనే నాకొక ఆలోచన కలిగినది. స, రి, గ, మ, ప, ద, ని ఏడే అక్షరములు. గత ఆషాఢమునుండి ఆదివారము సాయంకాలములందు ఈ పదునెనిమిదిమందికి నల్లబల్లపై ఈ ఏడక్షరములు మాత్రము తెలుగులో వ్రాసి చూపుచుంటిమి. స్వరము చదువుటకై పిల్లలు వాటిని నేర్చిరి. పిమ్మట ‘సా’ దీర్ఘమెందుకని అడిగి గుణింతము నేర్చిరి. పేరులోని అక్షరములు కావలెనని తక్కినవి అడిగి తెలిసికొనిరి. పాట కొరకు మొదలైన వ్రాత మాటలోనికి వచ్చినది. వారిలో ఆ పదేండ్ల పిల్ల ఈ సంవత్సరము మన పాటను మాటలు, స్వరములు రెండును తెలుగు అక్షరములలో ఒకే కాగితముపై వ్రాసి అందరికిని పంచిపెట్టినది. అక్షరములు కొంచెము వంకరగా నున్నవి. స్వరములు మాత్రము సూటిగా నున్నవి.

అచ్చుకూటములో ఒక్కొక్క గుర్తునకు పోత పోయించిన ఎట్టయపురపు వృద్ధుడు ఎవరి కొరకు ఆ శ్రమ పడినాడు? తన ఎదుట కూర్చున్న శిష్యుల కొరకు గాదు. వారికి నోటితో చెప్పవచ్చును. తాను చూడబోని వారి కొరకు. ఇంటికి దూరముగా నున్న మనమును మన తరువాతివారి కొరకు ఆ మాత్రము చేయవలెను. ఊరు మారవచ్చును, బడి భాష మారవచ్చును. కాగితముపై పాట, దానిని చదువగల గొంతు రెండును ఉన్నంతవరకు తెలుగు ఎక్కడికిని పోదు.

పాడగా పాడగా రాగమన్నారు పెద్దలు. ఈ ఉగాదినాడు మన బృందము పాడునప్పుడు సభవారు చెవియొగ్గి వినుదురుగాక. తప్పు వచ్చినచో వెంటనే చెప్పుడు. ఈసారి చూచుకొనుటకు కాగితమున్నది.